రక్తనాళాల బొడిపెలో ఎముక కనిపిస్తే

కణజాలాన్ని పలుచటి పొరలుగా కోసే మైక్రోటోమ్ బ్లేడు చప్పుడు మారితే పక్క గదిలో ఉన్నా నాకు తెలిసిపోతుంది. మెత్తటి ముక్క మీద సాఫీగా జారే బ్లేడు, ఎముక మీదికి ఎక్కగానే కరుక్కుమంటుంది. ఆ రోజు అలాగే కరుక్కుమంది. కాసేపటికి మా టెక్నీషియన్ బ్లాకు, అంటే మైనంలో పోత పోసిన ముక్క, పట్టుకుని వచ్చాడు. "మేడమ్, చర్మం ముక్కన్నారు కదా, ఇందులో రాయేదో ఉంది. రెండు బ్లేడ్లు పోయాయి."

రిక్విజిషన్ ఫారంలో ఉన్నది ఒక్క లైను. ముంజేతి మీద ఎర్రటి బొడిపె, తాకితే రక్తం, పయోజెనిక్ గ్రాన్యులోమా (చర్మం మీద రక్తనాళాలు గుంపుగా పెరిగే మామూలు బొడిపె) కావచ్చు. సైజు 8 మిల్లీమీటర్లు. నేను స్లైడ్లు చదవడం మొదలుపెట్టి అప్పటికి మూడేళ్లే. టెన్షన్‌లో బ్లాకు కరిగించి, ముక్క మొత్తాన్ని నైట్రిక్ యాసిడ్‌లో వేసి ఇంటికి వెళ్లిపోయాను. తెల్లారి వచ్చి చూస్తే ఎముక మెత్తబడింది, దాంతోపాటు కణాల కేంద్రకాలూ మాసిపోయాయి. స్లైడంతా వెలిసిన గులాబీ రంగు. కణం ఏ రకమో దాని ప్రొటీన్లను బట్టి చూపే ఇమ్యునో రంగులు పట్టలేదు. మామూలు బొడిపెకి "ప్రాణాంతక కణితి కాదని ఖాయంగా చెప్పలేం" అని తాత్కాలిక రిపోర్టు రాయాల్సి వచ్చింది. ఆ కాగితం చదివిన మనిషికి ఆ వారం నిద్ర ఎలా పట్టిందో నాకు తెలియదు.

కాపాడింది టెక్నీషియనే. బ్లేడు విరగకముందు తీసిన చిరుగుల రిబ్బన్లు అతను పారేయలేదు. గాజు పలక మీద ఎక్కించి పక్కన పెట్టాడు. వాటికి రంగులు వేస్తే విషయం తేలిపోయింది. లోబ్యులర్ క్యాపిలరీ హీమాంజియోమా, అంటే పయోజెనిక్ గ్రాన్యులోమానే, దాని అడుగున రెండు చిన్న ఎముక పలకలు. అంతే.

ఇలాంటివి అరుదు. చర్మపు రక్తనాళాల బొడిపెలో నిజమైన ఎముక పుట్టిన కేసులు వైద్య పత్రికల్లో ఒకటీ అరా చొప్పునే కనిపిస్తాయి. అరుదు కాబట్టే ఎదురైనప్పుడు చేయి తడబడుతుంది. కొత్తగా పాథాలజీలో, చర్మ విభాగంలో పని మొదలుపెట్టినవాళ్ల కోసం నేను పాటించే వరస ఇక్కడ రాస్తున్నాను. స్లైడులో ఎముక కనిపించగానే చాలామంది దాని చుట్టూనే తిరుగుతారు. ఇల్లు ఎవరిదో కనుక్కోకుండా అద్దెకున్నవాడి పేరు రాసుకుని వచ్చినట్టు ఉంటుంది అది. ఇక్కడ రక్తనాళాల గడ్డ ఇల్లు. ఎముక చాలాసార్లు అద్దెకు వచ్చినదే. ఒక్కోసారి మాత్రం తారుమారవుతుంది. అసలు యజమాని ఎముక, రక్తనాళాలు దాని మీద పుట్టిన పుండు. ఈ రెండింటిలో ఏదో తేల్చడమే మన పని.

కత్తి పెట్టకముందు

బొడిపె మీద చేయి వేయండి. ఎర్రగా, మెత్తగా ఉండాల్సినది అడుగున గట్టిగా తగిలితే అక్కడే ఆగాలి. పయోజెనిక్ గ్రాన్యులోమా సాధారణంగా కొన్ని వారాల్లో పెరుగుతుంది, చిన్న దెబ్బకే ధారగా రక్తం కారుతుంది. అందులో ఎముక ఏర్పడాలంటే చాలాకాలంగా ఉండి ఉండాలి, లేదా పదే పదే గాయపడి మానుతూ ఉండాలి. కాబట్టి "ఎన్నాళ్లయింది" అని అడిగి ఊరుకోకుండా, ఎన్నిసార్లు రాలింది, ఎవరైనా కాల్చారా, దారం కట్టారా, గీకారా అని కూడా అడగండి. పుట్టుకతో ఉందా, పుట్టిన కొన్ని వారాలకు వచ్చిందా, పెద్దయ్యాక వచ్చిందా అన్నదానికి వచ్చే జవాబుతో సగం జాబితా కొట్టేయవచ్చు.

చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్ ఉంటే చూడండి. ఏకరీతి ఎరుపు, చుట్టూ తెల్లటి అంచు, మధ్యలో తెల్లటి గీతలు ఉంటే పయోజెనిక్ గ్రాన్యులోమా వైపు మొగ్గవచ్చు. కానీ రంగులేని మెలనోమా (చర్మపు క్యాన్సర్) కూడా అచ్చంగా ఇలాగే కనిపించగలదు. డెర్మోస్కోప్ మీద భరోసా పెట్టి బయాప్సీ మానేసిన కేసులు నేను విన్నాను. మీరు ఆ పని చేయకండి.

ఇక ఎక్స్‌రే. దీని గురించి నేను కాస్త మొండిదాన్ని. వేలు, కాలివేలు, గోరు కింద, నెత్తి, దవడ దగ్గర, అంటే ఎముక చర్మానికి దగ్గరగా ఉన్న ఏ చోటైనా సరే, కత్తి కంటే ముందు ఎక్స్‌రే తీయించండి. ముఖ్యంగా కాలి బొటనవేలి గోరు. గోరు కింద ఎముక నుంచి మొలిచే సబ్‌ఉంగ్వల్ ఎక్సోస్టోసిస్ గోరుని పైకి లేపుతుంది, చర్మం పుండవుతుంది, ఆ పుండు మీద ఎర్రటి కండ పెరుగుతుంది. పైనుంచి చూస్తే రక్తం కారే పయోజెనిక్ గ్రాన్యులోమానే. పైపైన గీకి పంపితే నా దగ్గరికి వచ్చేది రక్తనాళాల కండ, దాని కింద ఓ ఎముక ముక్క. నేను దాన్ని "ఎముక పుట్టిన హీమాంజియోమా" అని రాశాననుకోండి, అసలు ఎముక కాలివేల్లోనే మిగిలి ఉంటుంది. కొన్నాళ్లకు మళ్లీ మొలుస్తుంది. పక్కనుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేలో వేలి చివరి ఎముకకు అతుక్కున్న మొలక కనిపిస్తే ఈ గందరగోళమే ఉండదు.

ఎక్స్‌రేలో చూడాల్సినవి మూడు. గట్టి మచ్చ కింది ఎముకకు అతుక్కుని ఉందా, విడిగా ఉందా? గుండ్రంగా పొరలు పొరలుగా ఉందా? అయితే అది ఫ్లెబోలిత్, అంటే సిరలో గడ్డకట్టిన రక్తం సున్నమెక్కి రాయైనది, ఎముక కాదు. మూడోది, చుట్టూ గట్టి అంచు ఉండి లోపల పలుచగా ఉందా, లేక లోపలే చిక్కగా ఉండి అంచులు చెదిరినట్టు ఉందా? రెండో రకమైతే అక్కడితో తేలిగ్గా తీసుకోవడం ఆపాలి. అల్ట్రాసౌండ్ చేస్తే గట్టి పదార్థం వెనక నల్లటి నీడ పడుతుంది, డాప్లర్‌లో రక్తప్రవాహం ఎంతో తెలుస్తుంది. మంచిదే, కానీ వేలి దగ్గర ఎక్స్‌రే చేసే పని అది చేయలేదు.

చిన్నపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. మెడ మీద, వీపు మీద నొప్పితో హఠాత్తుగా లేచే వాపులు ఉంటే, బయాప్సీ అనే మాట రాకముందే సాక్సు విప్పి కాలి బొటనవేళ్లు చూడండి. పుట్టుకతోనే పొట్టిగా, లోపలికి వంగి ఉన్నాయా? ఫైబ్రోడిస్‌ప్లేసియా ఒసిఫికాన్స్ ప్రోగ్రెసివా అనే జబ్బులో దాదాపు అందరికీ అలా ఉంటాయి. దానికి కారణమైన ఏసీవీఆర్1 జన్యువు మార్పును 2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకుల బృందం బయటపెట్టింది. ఆ పిల్లల్లో బయాప్సీ గాయమే కొత్త ఎముకను పుట్టిస్తుంది, కండరం బిగుసుకుపోతుంది. చర్మం పైకి తేలిన ఎర్రటి బొడిపె ఆ జబ్బు పని కాదు, నిజమే. కానీ లోతైన వాపుని రక్తనాళాల గడ్డ అనుకుని కోసిన సందర్భాలున్నాయి. బొటనవేళ్లు చూడటానికి పట్టేది పది సెకన్లు.

ముక్క ల్యాబుకి వచ్చాక

ముక్కను చూసి, కొలిచి, కోసే గ్రాసింగ్ బల్ల దగ్గర నేను ఎవరికైనా మొదట నేర్పేది ఇదే. యాసిడ్ కంటే ముందు ఫార్మలిన్, ఫార్మలిన్ తర్వాత కూడా యాసిడ్ కంటే ముందు ఒక మెత్తటి ముక్క.

10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో ముక్క పూర్తిగా నానాలి. సరిగ్గా నానని ముక్కను యాసిడ్‌లో వేస్తే కణజాలం దెబ్బతింటుంది. అంచులకు ఇంకు పెట్టండి. ముఖ్యంగా అడుగు అంచుకి, ఎందుకంటే ఎముక అడుగునే ఉంటే అది తెగిందా, పూర్తిగా వచ్చిందా అని తర్వాత అడుగుతారు. నిలువుగా కోస్తుంటే బ్లేడు కిందే తెలిసిపోతుంది. ఇసుక రేణువులా తగిలితే సున్నం కావచ్చు, పలకలా అడ్డుపడితే ఎముక కావచ్చు. బలవంతంగా నొక్కి కోయకండి. ఎముక పలక లాగబడి పక్కనున్న రక్తనాళాలన్నింటినీ చించేస్తుంది. తర్వాత స్లైడులో ఆ చిరుగులు చూసి బుర్ర బద్దలు కొట్టుకోవాలి.

మెత్తగా ఉన్న సగాన్ని నేరుగా బ్లాకు చేయండి. ఇమ్యునో రంగులకు, అవసరమైతే జన్యు పరీక్షలకు పనికొచ్చేది అదే. గట్టిగా ఉన్న సగానికి మాత్రమే డీకాల్, అంటే కాల్షియం తీసి మెత్తబరచడం. తొందరేమీ లేకపోతే ఈడీటీఏ వాడండి. అది కాల్షియాన్ని మెల్లగా పట్టి లాగుతుంది, రోజులు పడుతుంది, కానీ కేంద్రకాలు, ప్రొటీన్లు, డీఎన్‌ఏ బాగానే మిగులుతాయి. ఫార్మిక్ యాసిడ్ మధ్యరకం. నైట్రిక్, హైడ్రోక్లోరిక్ లాంటివి వేగంగా పనిచేస్తాయి, కానీ గంటలు లెక్కపెట్టుకుంటూ చూసుకోవాలి. రాత్రికి వదిలేసి వెళ్లేవి కావు. నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

చాలాసార్లు అసలు డీకాల్ అవసరమే రాదు. చర్మంలో దొరికే ఎముక మిల్లీమీటరో రెండో. బ్లాకు చేశాక ఎముక బయటపడితే, కోత ముఖాన్ని పలుచటి యాసిడ్‌లో తడిపిన దూది మీద బోర్లించి కొంతసేపు ఉంచండి. పై పొర ఒక్కటే మెత్తబడుతుంది. నీళ్లతో కడిగి, చల్లబరిచి, వెంటనే సెక్షన్లు తీయాలి. మెత్తబడింది కొన్ని మైక్రాన్ల లోతే కాబట్టి బ్లాకుని మళ్లీ ట్రిమ్ చేస్తే శ్రమంతా వృథా. ఏ ముక్కకు, దేనితో, ఎంతసేపు డీకాల్ చేశారో ఫారం మీద రాయండి. రేపు ఇమ్యునో రంగు పట్టకపోతే, అది నిజంగా నెగటివా, యాసిడ్ దెబ్బా అని ఆలోచించేవాళ్లకు ఆ లైనే ఆధారం.

మొదట తీసిన చిరుగుల సెక్షన్లు పారేయకండి.

అది ఎముకేనా?

తక్కువ పవర్‌లో నీలంగా, గట్టిగా కనిపించేదల్లా ఎముక కాదు. సున్నం పేరుకుంటే రూపం లేని ఊదారంగు పొడి, ముద్దలు కనిపిస్తాయి. లోపల కణాలుండవు. బ్లేడు దాన్ని పగలగొట్టి స్లైడంతా చల్లుతుంది. ఫ్లెబోలిత్ అయితే ఉల్లిపొరల్లా ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు, చుట్టూ సిర గోడ. ఎముకలో మాత్రం గులాబీ రంగు పలక ఉంటుంది, అందులో చిన్న గూళ్లు, గూట్లో ఆస్టియోసైట్లు అనే ఎముక కణాలు. అంచున వరసగా ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టులు, అక్కడక్కడ ఎముకను కరిగించే, చాలా కేంద్రకాలున్న ఆస్టియోక్లాస్టులు. ముదిరిన ఎముక అయితే లోపల కొవ్వు మజ్జ కూడా ఉంటుంది. ఒక్కోసారి రక్తకణాలు తయారవుతూ కూడా కనిపిస్తాయి. చర్మంలో అది చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

గూళ్లలో కణాలు కనిపించాయా అన్నదే ప్రశ్న. కనిపిస్తే ఎముక. లేకపోతే బ్లాకులో ఇంకాస్త లోతు నుంచి ఇంకో రెండు లెవెల్స్ తీయించండి. కాంతిని పోలరైజ్ చేసి చూస్తే ముదిరిన ఎముకలో కొల్లాజెన్ పొరలు సమాంతరంగా మెరుస్తాయి. లేత ఎముకలో అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. వాన్ కొస్సా రంగు సున్నాన్ని నల్లగా చూపిస్తుంది. నిజానికి అది పట్టేది ఫాస్ఫేటును. అలిజరిన్ రెడ్ కాల్షియాన్ని ఎర్రగా చూపిస్తుంది. ఈ రెండూ ఎముకకీ సున్నానికీ తేడా చెప్పవు. డీకాల్ అయిన ముక్క మీద అసలు పనిచేయవు. ఖనిజమంతా తీసేసి దానికోసం రంగు వేయమనే ఆర్డర్లు నాకు ఏడాదికి ఒకటైనా వస్తాయి.

పక్కన మృదులాస్థి ఉందేమో చూడండి. చర్మంలో పుట్టే ఎముక చాలావరకు మృదులాస్థి దశ లేకుండా నేరుగా పుడుతుంది. ఎముక మీద మృదులాస్థి టోపీ కనిపిస్తే అది కిందనుంచి మొలిచిన ఎక్సోస్టోసిస్ కావచ్చన్న అనుమానం పెంచుకోండి, ఎక్స్‌రే లేకపోతే ఫోన్ చేసి తెప్పించండి.

ఇల్లు ఎవరిది?

ఇప్పుడు ఎముకను మరిచిపోండి. వేలితో కప్పేసినట్టు పక్కన పెట్టి, మిగిలింది ఏమిటో చదవండి.

ఎక్కువగా తగిలేది లోబ్యులర్ క్యాపిలరీ హీమాంజియోమా. పయోజెనిక్ గ్రాన్యులోమా అనేది దాని పాత పేరు. చీమూ కాదు, గ్రాన్యులోమా కూడా కాదు, అయినా పేరు పోలేదు. 1897లో ఫ్రాన్స్‌లో పోన్సే, డోర్ దీన్ని గుర్రాల్లో వచ్చే ఒక ఇన్‌ఫెక్షన్‌కి ముడిపెట్టారు. 1904లో హార్ట్‌జెల్ పెట్టిన పేరుతో చీము సంగతి స్థిరపడిపోయింది. 1980లో మిల్స్, కూపర్, ఫెక్నర్ ఇది గుత్తులు గుత్తులుగా పెరిగే కేశనాళికల గడ్డ అని చూపించి లోబ్యులర్ అన్న పేరు పెట్టారు. ఆ గుత్తులే ఆనవాలు. ఒక్కో గుత్తికి మధ్యలో కాస్త పెద్ద నాళం, చుట్టూ చిన్న చిన్న కేశనాళికలు, గుత్తుల మధ్య పీచు గోడలు. పైన చర్మం రెండు వైపులా లోపలికి వంగి కాలరులా పట్టుకుంటుంది. పుండైన పైభాగం చూసి మోసపోకండి. అక్కడ ఏ గాయంలోనైనా కనిపించే కండే కనిపిస్తుంది. గుత్తులు లోపల ఉంటాయి. గుత్తులు ఎక్కడా లేకుండా కేవలం గాయపు కండ ఉంటే, కింద ఏదో ఉందని అర్థం.

పసిపిల్లల హీమాంజియోమా పుట్టిన తొలి వారాల్లో కనిపించి, మొదటి కొన్ని నెలల్లో వేగంగా పెరిగి, తర్వాత ఏళ్ల తరబడి కరుగుతుంది. దాని ఎండోథీలియల్ కణాలు (నాళాల లోపలి పొర కణాలు) గ్లట్1 రంగుని పట్టుకుంటాయి. పయోజెనిక్ గ్రాన్యులోమాలో గ్లట్1 ఉండదు. ఇంత తేలిగ్గా తేడా తెలిసే సందర్భాలు మన పనిలో తక్కువ.

సిరల వైకల్యం అసలు కణితే కాదు. పెద్ద, పలుచటి గోడల సిరలు, లోపల పాత గడ్డలు, ఫ్లెబోలిత్‌లు. ఇలాంటి వైకల్యాలనూ, పెరిగే కణితులనూ వేరుగా చూడాలని 1982లో మలికెన్, గ్లోవాకీ చెప్పిన తర్వాతే ఈ రంగం గాడిన పడింది. అంతకుముందు రెండింటినీ హీమాంజియోమా అనే పిలిచేవాళ్లు. ఇప్పటికీ చాలా స్కాన్ రిపోర్టుల్లో అలాగే వస్తుంది. గడ్డ అడుగు అంచు కండరంలోకి వెళ్తోందా చూడండి. కండరంలో ఉండే రక్తనాళాల గడ్డల్లో ఎముక పుట్టడం చర్మంలో కంటే ఎక్కువగా తెలిసిన విషయమే. పైకి తేలినంత మాత్రాన అది చర్మానిదని అనుకోనక్కర్లేదు.

స్పిండిల్ సెల్ హీమాంజియోమా చేతులకో పాదాలకో అనేకం ఉంటే చేతి ఎముకల ఎక్స్‌రే అడగండి. వేళ్ల ఎముకల్లో ఎన్‌కాండ్రోమాలు (ఎముక లోపలి మృదులాస్థి గడ్డలు) ఉంటే అది మఫూచీ సిండ్రోమ్. అందులో చర్మపు గడ్డల్లో ఫ్లెబోలిత్‌లు మామూలు. ఇటలీకి చెందిన ఏంజెలో మఫూచీ 1881లో వర్ణించాడు, జన్యువు సంగతి 2011లో తెలిసింది. ఐడీహెచ్1, ఐడీహెచ్2 జన్యువుల్లో మార్పులు. ఆ రోగులకు జీవితాంతం నిఘా అవసరం, ఎన్‌కాండ్రోమా కాండ్రోసార్కోమాగా, అంటే మృదులాస్థి క్యాన్సర్‌గా, మారవచ్చు. కాబట్టి ఇక్కడ మీ రిపోర్టు ఒక బొడిపెతో ఆగిపోదు.

ఇమ్యునో రంగుల ప్యానెల్ పెద్దదేమీ వద్దు. ఈఆర్‌జీ లేదా సీడీ31 వేస్తే ఎండోథీలియం ఖాయమవుతుంది. ఎస్ఎంఏ వేస్తే ప్రతి కేశనాళిక చుట్టూ పెరిసైట్ల ఉంగరం కనిపించాలి. ఉంగరాలు క్రమంగా ఉంటే మనసు కుదుటపడుతుంది. అవి చెదిరిపోయి, కణాలు కొల్లాజెన్ మధ్యకు దారులు చేసుకుంటూ, ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ, కేంద్రకాలు ముదురుగా, పెద్దగా కనిపిస్తే యాంజియోసార్కోమా (రక్తనాళాల క్యాన్సర్) మాట ఎత్తాలి. కణాల్లో చిన్న బుడగలు, అందులో ఒంటరి ఎర్రరక్తకణం, చుట్టూ జిగురు జిగురు పదార్థం ఉంటే ఎపిథీలియాయిడ్ హీమాంజియోఎండోథీలియోమా అనే మరో ప్రాణాంతక రక్తనాళాల కణితి కావచ్చు. దానిలో ఎముక పుట్టగలదు కూడా. క్యామ్‌టా1 రంగు చాలా కేసుల్లో తేల్చేస్తుంది. కపోసి సార్కోమా అనుమానం ఉంటే హెచ్‌హెచ్‌వీ8 వైరస్‌ని పట్టే రంగు. న్యూట్రోఫిల్స్ విపరీతంగా ఉండి, ఊదారంగు మబ్బుల్లాంటి ముద్దలుంటే బార్టొనెల్లా బ్యాక్టీరియా కోసం వార్తిన్ స్టారీ రంగు.

నేను మాత్రం ఎర్రటి బొడిపె ఏదైనా సరే, కాస్త విచిత్రంగా అనిపిస్తే మెలనోమా కణాలను పట్టే సాక్స్10 రంగు వేయకుండా వదలను. రంగులేని మెలనోమా దొరికేది అక్కడే. మెలనోమాలో కూడా, ముఖ్యంగా వేళ్ల దగ్గర, ఎముక పదార్థం పుట్టడం అరుదుగా జరుగుతుంది. నెత్తి మీద వయసు పైబడినవాళ్లకు హఠాత్తుగా రక్తం కారే బొడిపె వచ్చి, లోపల తెల్లటి కణాల గూళ్లుంటే పాక్స్8 వేయండి. మూత్రపిండం క్యాన్సర్ చర్మానికి పాకినప్పుడు అచ్చం పయోజెనిక్ గ్రాన్యులోమాలా నటిస్తుంది.

ఎముక ఎలా వచ్చింది?

చర్మంలో ఎముకను 1858లో విల్కెన్స్ వర్ణించాడు. అప్పటినుంచి రెండు రకాలుగా విడదీస్తున్నాం. ముందేమీ లేని చోట తనంతట తాను పుట్టేది ప్రైమరీ. ఇంకో గడ్డలోనో, మచ్చలోనో, వాపులోనో పుట్టేది సెకండరీ. ఎక్కువభాగం సెకండరీయే. పైలోమాట్రికోమా (వెంట్రుక కుదురు గడ్డ), మొటిమల మచ్చలు, పుట్టుమచ్చలు, కాండ్రాయిడ్ సిరింగోమా (చెమట గ్రంథి గడ్డ) దీనికి పేరుపడ్డ చోట్లు. పుట్టుమచ్చలో ఎముక పుడితే నాంటా నీవస్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. కాబట్టి రక్తనాళాల గడ్డ అని రాసేముందు ఇవేవీ మూలన దాక్కోలేదని ఖాయం చేసుకోండి. పైలోమాట్రికోమా నీడకణాలు (కేంద్రకం పోయి ఆకారమే మిగిలిన కణాలు) ఒక్క గుప్పెడు మిగిలినా చాలు, కథ మారిపోతుంది.

రక్తనాళాల మధ్య ఎముక పుట్టడం అంత ఆశ్చర్యం కాదు. కేశనాళికల చుట్టూ ఉండే పెరిసైట్లు ఆస్టియోబ్లాస్టులుగా మారగలవు. పైగా మార్షల్ యూరిస్ట్ 1965లో ఖనిజం తీసేసిన ఎముక పొడిని కండరంలో పెట్టి కొత్త ఎముకను పుట్టించి చూపించాడు. ఆ శక్తి ఉన్న ప్రొటీన్లనే ఇప్పుడు బీఎంపీలు అంటున్నాం. గాయం, వాపు, పాత రక్తస్రావం, పీచుకట్టడం, ధారాళంగా రక్తం, ఇవన్నీ ఒకచోట కలిస్తే ఎముకకు కావాల్సిన వాతావరణం ఉన్నట్టే. అందుకే ఎముక ఎక్కడుందో చూడండి. గుత్తుల మధ్య పీచు గోడల్లో, లేదా అడుగు మచ్చలో, చుట్టూ పాత రక్తపు గోధుమ రంగు హీమోసిడరిన్‌తో ఉంటే అది అద్దెకు వచ్చిన ఎముకే. ఏ గుత్తితోనూ సంబంధం లేకుండా కింద వేరే పొరలో పలకలా పరుచుకుని ఉంటే, పైన రక్తనాళాలు పలుచగా ఉంటే, ఎముకే ముందు వచ్చిందేమో ఆలోచించండి.

పిల్లల్లో ఎముక ముందుగా వచ్చినట్టు అనిపిస్తే జీనాస్ జన్యువు మార్పులతో వచ్చే జబ్బుల కుటుంబం గుర్తుకు రావాలి. పొట్టి ఎత్తు, గుండ్రటి ముఖం, పిడికిలి బిగిస్తే నాలుగో కణుపు చోట గుంట పడటం ఆల్‌బ్రైట్ రకం. పసితనంలో చర్మంలో మొదలై కొవ్వులోకి, కండరంలోకి లోతుగా పాకేది ప్రోగ్రెసివ్ ఆసియస్ హెటిరోప్లేసియా. పెద్దల్లో మూత్రపిండాల జబ్బు, పారాథైరాయిడ్ సంగతి అడగండి. కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), విటమిన్ డి, క్రియాటినిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒకసారి చూస్తే చాలు. ఒంటి మీద ఒక్కటే బొడిపె, పక్కా గుత్తులు, చిన్న ఎముక పలక ఉన్న పెద్దవాళ్లకు వరసబెట్టి జన్యు పరీక్షలు రాయించడం నా దృష్టిలో డబ్బు దండగ, ఊరికే భయపెట్టడం.

చిగురు మీద నుంచి వచ్చిన ముక్క అయితే లెక్క వేరు. అక్కడ ఎర్రటి బొడిపెలో ఎముక అంటే ముందు పెరిఫెరల్ ఒసిఫయింగ్ ఫైబ్రోమా. కణాలు దట్టంగా ఉన్న పీచు కణజాలం మధ్య ఎముక పుడుతుంది, రక్తనాళాల గుత్తులు ఉండవు. చర్మపు స్లైడ్లు చదివేవాళ్లం అలవాటుగా పయోజెనిక్ గ్రాన్యులోమా అని రాసేస్తాం, డెంటల్ పాథాలజీవాళ్లు నవ్వుకుంటారు.

వేలి మెత్తటి భాగంలో, ఎముకకు అతుక్కోకుండా, కొన్ని వారాల్లో వాచిన గడ్డలో లేత ఎముక ఉంటే ఫైబ్రో ఆసియస్ సూడోట్యూమర్ కావచ్చు. అందులో కణాలు చురుగ్గా విభజన చెందుతూ భయపెడతాయి. అయినా ఎముక పక్కన కణాలు ఒద్దికగా ఉంటాయి, వికృతమైన మైటోసిస్ (కణ విభజన) ఉండదు. ఆస్టియోసార్కోమాలో (ఎముక క్యాన్సర్‌లో) లేత ఎముక పదార్థం లేసులా వికృత కణాల మధ్య పాకుతుంది, ఎముకను కంటున్న కణాలే చెడ్డవి. ముదిరిన ఎముక అంచున, లేతది మధ్యలో ఉండటం మయోసైటిస్ ఒసిఫికాన్స్ (కండరంలో ఎముక పుట్టే, ప్రాణాంతకం కాని గడ్డ) జాతి లక్షణం. తలకిందులుగా ఉంటే జాగ్రత్త. శాట్‌బి2 రంగు ఆస్టియోబ్లాస్టుని గుర్తిస్తుందే తప్ప మంచిదో చెడ్డదో చెప్పదు. ఈ తేడా మాత్రం మామూలు రంగులు వేసిన హెచ్ అండ్ ఈ స్లైడు మీదే తేలాలి. పైపైన గీకి తీసిన చిన్న షేవ్ బయాప్సీలో తేలకపోతే తేలలేదని రాసి, మొత్తం తీసి పంపమని అడగండి.

రిపోర్టు

మొదటి లైనులో ఇంటి యజమాని పేరు రాయండి, ఎముక రెండో లైనులో. నేను రాసేది ఇలా ఉంటుంది. "లోబ్యులర్ క్యాపిలరీ హీమాంజియోమా, పైభాగం పుండు, అడుగు పీచులో ముదిరిన ఎముక పలకలు. మృదులాస్థి లేదు. కణాల్లో వికృతి లేదు. ఎముక అడుగు అంచుకి 1 మిల్లీమీటరు పైన ఉంది, అంచు శుభ్రం. ఎక్స్‌రేలో కింది ఎముకతో సంబంధం లేదని తెలిపారు." చివరి వాక్యం నేను చూసింది కాదు, వాళ్లు చెప్పింది. అందుకే "తెలిపారు" అని ఉంటుంది. ఎక్స్‌రే తీయకపోతే ఆ సంగతీ రాస్తాను.

"ఆసియస్ మెటాప్లేసియా" (కణజాలం ఎముకగా మారడం) అన్న మాట ఒక్కటే పైన పెట్టకండి. రోగి చేతికి వెళ్లే కాగితంలో ఎముక, కణితి అన్న మాటలు పక్కపక్కన కనిపిస్తే ఎముక క్యాన్సర్ అని వెతుక్కుంటారు. సర్జన్‌కి ఫోన్ చేసి, ఇది చర్మంలోనే పుట్టిన ఎముక, పూర్తిగా తీసేశారు, అని ఒక ముక్క చెబితే సరిపోతుంది. అంచులో ఎముక తెగి ఉంటే, పైపైన గీకి తీసినదైతే, మళ్లీ వచ్చే అవకాశం ఉంది. అడుగు వరకు తీయాలని సూచించండి. పయోజెనిక్ గ్రాన్యులోమా అడుగున ఉన్న పోషక నాళం మిగిలితే ఎముక లేకపోయినా తిరిగి మొలుస్తుంది.

ముంజేతి బొడిపె మనిషికి రెండో రిపోర్టు నేనే స్వయంగా చదివి వినిపించాను. "అయితే చేతిలో ఇంకో ఎముక మొలిచిందంటారా మేడమ్" అని అడిగాడు. మొలిచింది, తీసేశాం అన్నాను. చూపించమన్నాడు. మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టి చిరుగుల సెక్షనే చూపించాను, యాసిడ్‌లో వేసింది కాదు.